412 క్లిక్‌లు, 2 సేల్స్: నా ప్రీ-సెల్ పేజీలో తప్పెక్కడ?

తంత్రి_తపన
నెలన్నరగా ఒక ఆన్‌లైన్ గిటార్ కోర్సుని అఫిలియేట్‌గా (నా లింక్ ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ వచ్చే పద్ధతిలో) ప్రమోట్ చేస్తున్నాను. యాడ్ నుంచి జనాన్ని నేరుగా సేల్స్ పేజీకి పంపకుండా మధ్యలో నా సొంత ప్రీ-సెల్ పేజీ (కొనేముందు మనిషిని సిద్ధం చేసే పేజీ) పెట్టాను. ఇప్పటిదాకా 700 మంది వచ్చారు, 412 మంది బటన్ నొక్కి ఆఫర్‌కి, అంటే కోర్సు వాళ్ల సేల్స్ పేజీకి వెళ్లారు, కొన్నది ఇద్దరే. వాళ్లలోనూ ఒకరు రిఫండ్ తీసుకున్నారు, ఆ కమీషన్ వెనక్కి పోయింది. సగానికి పైగా జనం క్లిక్ చేస్తున్నారంటే నా పేజీ బాగున్నట్టే కదా? అందుకే అనుమానమంతా కోర్సు వాళ్ల సేల్స్ పేజీ మీదే ఉంది. ఆఫర్ మార్చేయాలా, లేక ఇంకొంచెం డబ్బు పెట్టి చూడాలా? ఆ కోర్సు నేను నిజంగా చేశాను, మంచి కోర్సు, వదలబుద్ధి కావట్లేదు.

పేజీ మొదలు ఇలా ఉంటుంది:

"గిటార్ నేర్చుకోవాలని ఎప్పటినుంచో కలలు కంటున్నారా? అయితే ఈ అద్భుతమైన కోర్సు మీ జీవితాన్నే మార్చేస్తుంది! ఇప్పటికే వేలమంది నేర్చుకున్నారు. ఇంకా ఆలస్యం ఎందుకు? కింద బటన్ నొక్కండి!"

కీబోర్డు_కాపరి
59 శాతం మంది క్లిక్ చేశారా? నాకు అదే మీ సమస్య అనిపిస్తోంది.

తంత్రి_తపన
క్లిక్‌లు ఎక్కువ రావడం సమస్య ఎలా అవుతుందండీ?

లెక్కల_పద్దు
కాపరి గారు చెప్పింది కరెక్టే, లెక్క వేసి చూడండి. రెండు పేజీలున్నాయి, రెండింటికీ వందేసి మంది వచ్చారు అనుకుందాం. మొదటి పేజీ నుంచి 60 మంది ఆఫర్‌కి వెళ్లారు, వాళ్లలో 1 శాతం కొన్నారు, అంటే వందమందికి 0.6 సేల్. రెండో పేజీ నుంచి 20 మందే వెళ్లారు, కానీ వాళ్లలో 5 శాతం కొన్నారు, అంటే వందమందికి 1 సేల్. క్లిక్‌లు మూడో వంతుకి పడిపోయినా డబ్బు రెండో పేజీకే ఎక్కువ వచ్చింది. యాడ్ డబ్బు మీరు కట్టేది పేజీకి వచ్చిన మనిషికి, కాబట్టి చూడాల్సింది వచ్చిన ఒక్కో మనిషి మీద ఎంత కమీషన్ పడింది అన్నది. అఫిలియేట్ నెట్‌వర్క్ డ్యాష్‌బోర్డులో కనిపించే ఈపీసీ (క్లిక్‌కి వచ్చే సంపాదన) ఆఫర్‌కి వెళ్లిన క్లిక్ మీద లెక్క, మీ పేజీ దగ్గరే ఆగిపోయినవాళ్లు అందులో ఉండరు. మీ 412కి 2 అంటే అర శాతం కూడా లేదు.

నిదానమే_ప్రధానం
మీ మొదటి పేరా మీరే ఇంకోసారి చదవండి. అందులో గిటార్ తీసేసి ఈత పెట్టండి, కుట్టుపని పెట్టండి, ఫొటోగ్రఫీ పెట్టండి, ఏది పెట్టినా అతుకుతుంది. చదివినవాళ్లకి కొత్తగా ఒక్క సంగతీ తెలియలేదు. అయినా బటన్ ఎందుకు నొక్కారంటే, ఇక్కడ ఏమీ లేదు కాబట్టి అసలు విషయం అవతల ఉందేమో అనుకున్నారు. అవతల ఒక్కసారిగా ధర కనిపించింది, అప్పటికి వాళ్ల మనసు సిద్ధంగా లేదు, పేజీ మూసేశారు. సేల్స్ పేజీ డబ్బు అడిగే చోటు. దానికంటే ముందు "నా ఇబ్బంది ఈ మనిషికి తెలుసు" అని చదివేవాళ్లకి అనిపించాలి, మధ్యలో పేజీ పెట్టేది అందుకే. మీ పేజీలో ఆ పని జరగలేదు, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తోసినట్టుంది.

కోర్సు చేశానన్నారు కదా, అయితే చెప్పండి. ఎక్కడ ఇబ్బంది పడ్డారు? ఎప్పుడు మానేద్దాం అనుకున్నారు? ఆ కోర్సు అక్కడ మిమ్మల్ని ఎలా దాటించింది?

తంత్రి_తపన
మూడో వారంలో, ఎఫ్ కార్డ్ దగ్గర (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు). చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కాలి. ఎంత నొక్కినా రెండు తీగలు మూగగా ఉండిపోయేవి, వేలి మీద తీగల గీతలు పడి ఎర్రగా అయ్యేది, గిటార్ మూల పెట్టేద్దాం అనిపించింది. అంతకుముందు చూసిన వీడియోలన్నింటిలోనూ "సాధన చేస్తే వస్తుంది" అని వదిలేశారు. ఈ కోర్సులో ముందు చూపుడువేలితో సన్నటి రెండు తీగలు మాత్రమే నొక్కే చిన్న ఎఫ్ పట్టించారు. తర్వాత చూపుడువేలిని కొంచెం పక్కకి తిప్పి ఎముక వైపు ఆనించమన్నారు, మోచేయి ఒంటికి దగ్గరగా తెచ్చుకోమన్నారు. అంతే, నాలుగో రోజుకి ఆరు తీగలూ పలికాయి. ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ పిలిచి మరీ వినిపించాను!

నిదానమే_ప్రధానం
ఇదిగో, మీ పేజీ ఇదే. ఇప్పుడు రాశారే, ఆ పేరానే.

వెన్నెల_పుట
అది చదివాక నాకే ఆ కోర్సు ఏంటో చూడాలనిపించింది, నా దగ్గర గిటారే లేదు 🙂

సూటిగా_చెప్తా
నేను ఒప్పుకోను. ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోయేవాళ్లు ఇంత కథ చదువుతారా? నేను రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఆఫర్లు చేస్తున్నాను, మధ్యలో పేజీ తీసేసి డైరెక్ట్ లింక్ ఇచ్చినప్పుడే నాకు ఎక్కువ వచ్చింది. ప్రతి అదనపు క్లిక్ దగ్గరా కొంతమంది రాలిపోతారు, ఎంత మంచి పేజీ అయినా సరే.

కీబోర్డు_కాపరి
@సూటిగా_చెప్తా మీ ట్రాఫిక్ ఎక్కడి నుంచి?

సూటిగా_చెప్తా
నా ఈమెయిల్ లిస్ట్.

నిదానమే_ప్రధానం
అయితే మీ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మీ లిస్ట్‌లో వాళ్లకి మీరు తెలుసు, నెలల తరబడి మీ మెయిల్స్ చదువుతున్నారు, ప్రీ-సెల్ పని ఆ మెయిల్స్‌లోనే అయిపోయింది. తంత్రి_తపన గారి దగ్గరికి వచ్చేవాళ్లు యాడ్ చూసి వస్తున్న కొత్త మనుషులు, ఆవిడో ఆయనో ఎవరో కూడా వాళ్లకి తెలియదు. ఇక నిడివి సంగతి. తన ఇబ్బంది గురించే రాసి ఉంటే ఫోన్‌లో అయినా మనిషి ఆగి చదువుతాడు. "జీవితాన్నే మార్చేస్తుంది" లాంటివి అయితే రెండు లైన్లు కూడా ఎక్కువే. నా వరకు 500 పదాల పేజీలూ పని చేశాయి, 1500 పదాలవీ పని చేశాయి.

కీబోర్డు_కాపరి
ఇంతకీ యాడ్‌లో ఏం రాశారు? పేజీ పైన హెడ్డింగ్ ఏంటి?

తంత్రి_తపన
యాడ్: "30 రోజుల్లో మీ మొదటి పాట వాయించండి."
పేజీ హెడ్డింగ్: "నంబర్ వన్ ఆన్‌లైన్ గిటార్ కోర్సు: పూర్తి రివ్యూ."

కీబోర్డు_కాపరి
ఇక్కడ కూడా తెగిపోయింది చూడండి. యాడ్ చూసినవాళ్ల బుర్రలో పాట ఉంది. పేజీ తెరవగానే రివ్యూ కనపడింది, తప్పు చోటికి వచ్చామా అనుకుంటారు. యాడ్‌లో ఏ మాట పట్టుకుని వచ్చారో అది పేజీ పైన మొదటి లైన్లో దొరకాలి. సేల్స్ పేజీలో మొదట కనిపించేది కూడా దానికి కలవాలి. కోర్సు వాళ్లు పైన ఏం పెట్టారు?

తంత్రి_తపన
"ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే మొదలుపెట్టండి" అని ఉంది. ఇప్పుడు ఆలోచిస్తుంటే అది మధ్యలో మానేసినవాళ్ల కోసం చేసిన కోర్సు. నేనేమో అసలు గిటార్ పట్టుకోనివాళ్లని పంపిస్తున్నాను...

లెక్కల_పద్దు
దొరికింది. రిఫండ్ కూడా అలాగే వచ్చి ఉంటుంది.

రాత్రి_షిఫ్ట్
ఇన్ని అవసరం లేదండీ. పేజీ మీద ఒక కౌంట్‌డౌన్ టైమర్ పెట్టండి, "ఆఫర్ ఇంకో 15 నిమిషాలే" అని. ఆలోచించుకునే టైమ్ ఇస్తే కొనరు.

నిదానమే_ప్రధానం
కోర్సు వాళ్లు నిజంగా ఆ టైమ్‌కి ఆఫర్ ఆపేస్తేనే పెట్టండి, లేకపోతే వద్దే వద్దు. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పేజీలో పెట్టాను, రీఫ్రెష్ చేస్తే మళ్లీ మొదటికి వచ్చే రకం. మొదట్లో సేల్స్ పెరిగాయి కూడా. ఒకరోజు ఒక పాఠకురాలు రెండు స్క్రీన్‌షాట్లు పంపింది, ఒకటి సోమవారంది, ఒకటి గురువారంది, రెండింటిలోనూ సరిగ్గా 14 నిమిషాలు మిగిలి ఉన్నాయి. కింద ఒక్కటే లైన్: "మిగతాది కూడా ఇలాగే రాశారా?" ఆ పేజీలో మిగతాదంతా నేను నిజాయితీగా, వారం రోజులు కూర్చుని రాసింది. ఆవిడకి ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రే టైమర్ తీసేశాను, ఆ లైన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

వెన్నెల_పుట
👆 ఇది నేను దాచుకుంటున్నాను.

నియమాల_నోటు
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నాను. మీకు కమీషన్ వస్తుందన్న సంగతి పేజీలో ఎక్కడ రాశారు? అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ దీని గురించి చాలా స్పష్టంగా చెప్పింది, సిఫారసుకి దగ్గరగా, కంటికి కనపడేలా ఉండాలి, అడుగున ఫుటర్‌లో దాచకూడదు. ఉత్తినే "అఫిలియేట్ లింక్" అని రాసినా సరిపోకపోవచ్చు, చాలామందికి ఆ మాట అర్థం కాదు. "ఈ లింక్ ద్వారా మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని మామూలు మాటల్లో రాయండి. ఇంకోటి, ఆ "వేలమంది నేర్చుకున్నారు" మీకెలా తెలుసు? రుజువు లేకపోతే తీసేయండి. దొంగ రివ్యూలు, దొంగ టెస్టిమోనియల్స్ మీద ఎఫ్‌టీసీ తెచ్చిన రూల్ 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది, జరిమానాలు కూడా ఉన్నాయి.

యాడ్స్ సంగతి కూడా చూసుకోండి. వచ్చినవాళ్లని వేరే చోటికి పంపడమే ముఖ్య ఉద్దేశంగా ఉన్న పేజీలకి గూగుల్ యాడ్స్ పాలసీ ఒప్పుకోదు. సెర్చ్‌లోనూ అంతే, అమ్మేవాళ్ల వర్ణనని కాపీ కొట్టి లింకులు పెట్టిన పేజీలని "థిన్ అఫిలియేషన్" అని స్పామ్ కింద లెక్కేస్తారు. లింకుకి "స్పాన్సర్డ్" అట్రిబ్యూట్ (ఇది డబ్బొచ్చే లింకు అని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే కోడ్ గుర్తు) పెట్టండి, 2019లో గూగుల్ తెచ్చింది అది, పాత "నోఫాలో" పెట్టినా పర్లేదు. మీ ఎఫ్ కార్డ్ పేరా ఉన్న పేజీకి ఈ భయం తక్కువ, అది ఇంకెక్కడా దొరకదు కాబట్టి.

రాత్రి_షిఫ్ట్
కమీషన్ వస్తుందని పైనే రాస్తే జనం పారిపోరా?

వెన్నెల_పుట
నేను కొనే మనిషిగా చెప్తాను. చెప్పి ఉంటే నాకేం ఇబ్బంది లేదు. చెప్పకుండా తర్వాత లింక్‌లో చూసి నేనే కనిపెడితే మాత్రం మళ్లీ ఆ పేజీ మొహం చూడను.

ఇంకో_డ్రాఫ్ట్
నా దగ్గర పని చేసిన ఒక సంగతి. నేను చిన్న వ్యాపారాల కోసం ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రమోట్ చేస్తాను. ముందు పేజీలో అన్నీ మంచి మాటలే ఉండేవి, రిఫండ్లు ఎక్కువగా వచ్చేవి, నెలాఖరుకి కమీషన్‌లో కోత పడుతుంటే టెన్షన్. కొన్నవాళ్లు ఎందుకు వెనక్కి ఇస్తున్నారో సపోర్ట్ వాళ్లని అడిగితే తెలిసింది, చాలామంది గోడౌన్లో సరుకు లెక్క కూడా ఇందులో చూసుకోవచ్చు అనుకుని కొంటున్నారట, అది అందులో లేదు. పేజీ మధ్యలో ఒక చిన్న భాగం పెట్టాను: "మీకు స్టాక్ లెక్క కావాలంటే ఇది తీసుకోకండి. బిల్లులు, ఖర్చులు, పన్ను లెక్కలు వరకే ఇది బాగా చేస్తుంది." క్లిక్‌లు బాగా పడిపోయాయి, చూసి కంగారు పడ్డాను. కానీ రిఫండ్లు దాదాపు ఆగిపోయాయి, చేతికి వచ్చే కమీషన్ పెరిగింది. ఎవరు కొనకూడదో చెప్పాక, ఎవరు కొనచ్చో చెప్పిన మాట నమ్ముతున్నారు.

సూటిగా_చెప్తా
యాడ్‌కి డబ్బు కట్టి తెచ్చుకున్న మనిషిని మనమే పొమ్మనడం నాకు మింగుడు పడట్లేదు.

ఇంకో_డ్రాఫ్ట్
పొమ్మనక్కర్లేదు. స్టాక్ లెక్క కావాల్సినవాళ్లకి అక్కడే ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు, లింక్ ఇచ్చాను. దాని నుంచి కూడా కొంచెం వస్తోంది.

సూటిగా_చెప్తా
ఆ. అలా అయితే సరే, ఇది నా లిస్ట్‌కి కూడా చేసి చూస్తాను.

తంత్రి_తపన
అందరూ చెప్పినవి పెట్టుకుని రెండు రోజులు కూర్చుని మళ్లీ రాశాను. మొదలు ఇలా మార్చాను:

"ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయారా?
నేనూ అక్కడే ఆగిపోయాను. మూడో వారం. చూపుడువేలు ఎర్రబడేదాకా నొక్కినా రెండు తీగలు మూగగానే ఉండేవి. నొక్కే బలం చాలట్లేదు అనుకున్నాను. తప్పు బలంలో లేదు, వేలు ఆనించే తీరులో ఉంది. (నేను చేసిన కోర్సు గురించి ఇది. ఈ లింక్ ద్వారా మీరు కొంటే నాకు కమీషన్ వస్తుంది.)"

తర్వాత చిన్న ఎఫ్, వేలు పక్కకి తిప్పడం, మోచేయి, అన్నీ ఉచితంగా అక్కడే చెప్పేశాను, నా చెయ్యి ఫొటోలు రెండు పెట్టాను. దాని కింద "గిటార్ ఇంకా కొననివాళ్లకి, రాగాలు, సిద్ధాంతం లోతుగా కావాలనుకునేవాళ్లకి ఇది కాదు" అని రాశాను. చివర బటన్: "ఎఫ్ కార్డ్ పాఠం చూడండి". యాడ్ కూడా "ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయారా?" అనే పెట్టాను.

రాత్రి_షిఫ్ట్
కిటుకు మొత్తం ఉచితంగా చెప్పేస్తే ఇంక కోర్సు ఎందుకు కొంటారు?

నిదానమే_ప్రధానం
ఎఫ్ కార్డ్ వస్తే ఆగరు, ఆ తర్వాత బీ ఉంది, కార్డులు మార్చడం ఉంది, తాళం ఉంది. ఒక్క ముడి విప్పి చూపించినవాళ్లని మిగతావి అడగాలనిపిస్తుంది. చాలా బాగుంది తంత్రి_తపన గారూ, చెయ్యి ఫొటోలు అన్నిటికంటే బాగున్నాయి.

కీబోర్డు_కాపరి
బటన్ మీద ఒక అనుమానం. అది నొక్కితే ఎఫ్ కార్డ్ పాఠం నిజంగా కనిపిస్తుందా, లేక సేల్స్ పేజీ వస్తుందా?

తంత్రి_తపన
సేల్స్ పేజీయే. పాఠాల జాబితా, ధర ఉంటాయి. పాఠం కొన్నాకే.

కీబోర్డు_కాపరి
అయితే "పాఠాల జాబితా, ధర చూడండి" అని మార్చండి. నొక్కాక దొరికేదే బటన్ మీద ఉండాలి. ధర చూడడానికే వెళ్తున్నాను అని తెలిసి వెళ్లిన మనిషి ధర చూసి ఉలిక్కిపడడు.

నత్త_పేజీ
ఆ ఫొటోలు ఎంత సైజు ఉన్నాయో చూసుకోండి! నేను ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించి నెలరోజులు యాడ్ డబ్బు పోగొట్టుకున్నాను, పేజీ తెరుచుకునేలోపే జనం వెళ్లిపోయేవాళ్లు. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచిదని గూగుల్ కొలత. మీ ఫోన్‌లో వైఫై ఆపేసి మీ యాడ్ మీరే తెరిచి చూడండి.

తంత్రి_తపన
ఒక్కోటి 4 ఎంబీ ఉంది 😟 తగ్గిస్తున్నాను.

లెక్కల_పద్దు
పాత పేజీకి, కొత్త పేజీకి వేర్వేరు సబ్ ఐడీ (లింక్‌కి తగిలించే గుర్తు) పెట్టండి, లేకపోతే ఏ సేల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వీలైతే రిఫండ్ గడువు దాటాకే సేల్‌ని లెక్కలో వేసుకోండి. కుకీ (మీ లింక్ నొక్కిన మనిషిని గుర్తుపెట్టుకునేది) ఎన్నాళ్లుంటుందో కూడా ప్రోగ్రాం రూల్స్‌లో చూడండి, అమెజాన్‌ది మామూలుగా 24 గంటలే, కొన్నిటికి 30 రోజులు, 90 రోజులు కూడా ఉంటుంది. గిటార్ కోర్సు లాంటిది మనిషి వారం ఆలోచించి కొంటాడు, కుకీ చిన్నదైతే కష్టం మీది, కమీషన్ ఇంకొకరిది.

తంత్రి_తపన
60 రోజులు ఉంది, చూశాను.

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. కొత్త పేజీకి 640 మంది వచ్చారు. 171 మంది ఆఫర్‌కి వెళ్లారు. 7 సేల్స్! రిఫండ్ ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. క్లిక్‌లు 59 శాతం నుంచి 27కి పడిపోయినప్పుడు రెండు రోజులు నిద్ర పట్టలేదు, కానీ అందరూ ముందే చెప్పారు కాబట్టి ముట్టుకోకుండా ఉంచాను.

వెన్నెల_పుట
👏👏👏

లెక్కల_పద్దు
చాలా సంతోషం. అయినా ఇప్పుడే బడ్జెట్ మూడింతలు చేసేయకండి. 2, 7 రెండూ చిన్న అంకెలు, ఒకట్రెండు అటూ ఇటూ అయితే బొమ్మ మారిపోతుంది. ముందు ముందు బటన్ మాట, హెడ్డింగ్ లాంటివి టెస్ట్ చేస్తారు కదా, అప్పటికి ఒక అంచనా ఇస్తాను. 2 శాతం ఉన్న కన్వర్షన్ (వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల శాతం) 3 శాతానికి పెరిగిందని మామూలుగా వాడే 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఒక్కో వెర్షన్‌కి దాదాపు 3,800 మంది కావాలి. మీ ట్రాఫిక్‌కి బటన్ రంగు మార్చి తేడా చూడడం దండగ. ఇప్పుడు చేసినట్టు మొత్తం మాటే మార్చే టెస్టులు చేయండి, తేడా ఉంటే పెద్దగా కనపడుతుంది. రిఫండ్ గడువు ఎన్ని రోజులు?

తంత్రి_తపన
30 రోజులు. ఏడు సేల్స్‌కీ ఇంకా గడువు ఉంది. దాటాక మళ్లీ వచ్చి చెప్తాను. బడ్జెట్ అంతే ఉంచుతున్నాను.

ఇంకో_డ్రాఫ్ట్
కొన్న ఏడుగురిలో ఎవరైనా మీకు మెయిల్ చేశారా? చేసి ఉంటే వాళ్లు వాడిన మాటలు రాసి పెట్టుకోండి, తర్వాతి పేజీకి హెడ్డింగ్ అక్కడే దొరుకుతుంది.

తంత్రి_తపన
ఒకరు చేశారు. "ఎఫ్ వచ్చిందండీ, కానీ సీ నుంచి ఎఫ్‌కి మారేటప్పుడు పాట ఆగిపోతోంది" అని రాశారు.

నిదానమే_ప్రధానం
"సీ నుంచి ఎఫ్‌కి మారేటప్పుడు పాట ఆగిపోతోందా?" ఇది యాడ్‌కి కూడా పనికొస్తుంది. ఆ మార్పు కోర్సులో ఎన్నో పాఠంలో ఉందో చూసి, ఈసారి చెయ్యి ఫొటో బదులు చిన్న వీడియో తీయండి.